తోడెయ్యని పచ్చడి

"ఇక్కడ కుదరదు" అన్న మాట వింటే ఝాన్సీలక్ష్మికి ఒళ్లు మండిపోతుంది. పుట్టిన దగ్గర్నుంచీ వింటూనే ఉంది మరి. ఉల్లిపాయలా, ఇక్కడ కుదరదు, మెయిన్‌లాండ్ నుంచి ఓడ రావాలి. పెద్ద జబ్బా, ఇక్కడ కుదరదు, చెన్నై వెళ్లాలి. ఆమె చిన్నప్పుడు తెలుగు వాచకాలు కూడా ఓడ దిగాకే బడికి వచ్చేవి, అప్పటికి చదువుల ఏడాది సగం గడిచిపోయేది. అండమాన్‌లో పుట్టినవాళ్లకి కూడా రెండేసి చేతులుంటాయన్న సంగతి ఎవరికీ గుర్తుండదేమోనని ఆమె అనుమానం. ఆ అనుమానం తప్పని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు.

అలాంటి మాటని ఇప్పుడు సొంత బావగారి నోట, తన కార్ఖానా గుమ్మంలోనే వినాల్సి వచ్చింది.

"కొత్త రూల్స్ మొత్తం చదివానమ్మాయ్. ఆషామాషీగా లేవు. ఇక్కడ కుదరదు," అన్నాడు తిరుమలరావు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

ఆయన ఝాన్సీ భర్త సత్యారావుకి అన్న. సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కాయితం చదివితే అందులో ఏది కుదరదో మొదట కనిపెట్టడం ఆయనకి అలవాటు, ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. చెడ్డవాడు కాదు. తమ్ముడి సంసారం బాగుండాలనే కోరుకుంటాడు, కాకపోతే తను చెప్పినట్టు బాగుండాలంటాడు.

కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి. డాలీగంజ్‌లో ఒక రేకుల షెడ్డు, దానికి ఆనుకుని రెండు గదులు, ముందు చిన్న వరండా. తెల్లారకముందే సత్యారావు జంగ్లీఘాట్ జెట్టీకి వెళ్లి పడవల దగ్గర సూర చేపలు కొని తెస్తాడు. ట్యూనా అని హోటళ్లవాళ్లు గొప్పగా పిలిచేది దాన్నే. బుల్లమ్మా, నూకరత్నమూ, ఇంకొందరు ఆడవాళ్లూ దాన్ని ముక్కలు కోసి, పసుపూ ఉప్పూ పట్టించి, వేయిస్తారు. కారం కలపడం ఝాన్సీ పని. సీసాల మీద బొమ్మ మాత్రం ఆమె అత్తగారు గవరమ్మది. రెండు ముక్కుపుడకలూ, నుదుట రూపాయి కాసంత బొట్టూ పెట్టుకుని, కొన్నవాళ్లని కూడా కోప్పడుతున్నట్టు చూస్తూ ఉంటుంది. గవరమ్మ సూర పచ్చడి అంటే అటు ఉత్తర కొసన డిగ్లీపూర్ దాకా తెలియని తెలుగిల్లు లేదు, బెంగాలీ ఇళ్లలోనూ తింటారు.

వచ్చే ఏప్రిల్ నుంచి ఇలాంటి పచ్చళ్లు చేసేవాళ్లకి నిబంధనలు మారుతున్నాయి. షెడ్డు, నీళ్లు, చేతుల శుభ్రం గురించి చెప్పినవి సరే. అసలు మార్పు ఇంకొకటి. ఒక పూట వండినదాన్ని ఒక బ్యాచ్ అనాలి. ఏ సీసా ఏ బ్యాచ్‌దో, అందులో ఏ రోజు చేపలు పడ్డాయో, ఎవరు కలిపారో, ఏ కొట్టుకి వెళ్లిందో అడిగితే చెప్పగలగాలి. ఎక్కడైనా తేడా వస్తే ఆ బ్యాచ్ మొత్తాన్నీ వెనక్కి రప్పించాలి. అధికారులు ఆడిట్‌కి వచ్చినప్పుడు చెప్పలేనివాళ్లకి లైసెన్సు ఉండదు.

"చెన్నైలో ఒక కంపెనీ ఉంది. మనం రెసిపీ ఇస్తే వాళ్లే వండి, సీసాల్లో పోసి, ఓడెక్కించేస్తారు. మనం అమ్మ బొమ్మ అతికించుకుంటే చాలు," అన్నాడు తిరుమలరావు.

"మరి వీళ్లు?" ఝాన్సీ లోపల చేపలు కోస్తున్న ఆడవాళ్లకేసి చూపించింది.

"లేబుళ్లు అతికించడానికి ఇద్దరు కావాలిగా."

"నేనో?"

"నీకు రెస్టు."

ఆ మాటకి ఝాన్సీకి ఒళ్లంతా కారం పూసినట్టయింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన నాటినుంచి ఆ గిన్నె ముందు నిలబడితేనే ఆమె మనిషి. సత్యారావు భార్య, గవరమ్మ కోడలు, ఫలానావారి అమ్మాయి అన్న పిలుపులన్నీ ఆ గిన్నె ముందు పక్కకి తప్పుకునేవి. రెస్టంటే ఆమెకి బతికుండగా ఫొటోకి దండ వేసినట్టే.

"ముందు ఆడిట్ కానివ్వండి బావా. కుదురుతుందో లేదో అప్పుడు మాట్లాడదాం."

"నీ ఇష్టం. లైసెన్సు అమ్మ పేరున ఉంది. సంతకం పెట్టేది అమ్మ," అని గుర్తుచేసి, ఆయన కళ్లజోడు పెట్టుకుని వెళ్లిపోయాడు.

*

మర్నాడే ఝాన్సీ మిడిల్ పాయింట్ అనే పేటకి వెళ్లి పింకీని తీసుకొచ్చింది. పింకీ ఇక్కడ పుట్టిన పిల్లే, తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన మాస్టారు. మెయిన్‌లాండ్‌లో ఫుడ్ టెక్నాలజీ చదివి, తిరిగొచ్చి, మిడిల్ పాయింట్‌లో ఒక గది తీసుకుని చిన్న చిన్న కార్ఖానాలని ఆడిట్లకి సిద్ధం చేస్తూ ఉంటుంది. మధ్యమధ్య హిందీ కలిపి తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం నీళ్లు నములుతుంది.

ఆ పిల్ల మొదటిసారి వస్తోందని తెలిసి బుల్లమ్మ బృందం షెడ్డుని పండగకి చేసినట్టు ముస్తాబు చేసేసింది. గుమ్మానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. లోపల గచ్చు మీద బియ్యప్పిండితో పద్మాల ముగ్గు. గ్రైండర్‌కి కూడా పసుపూ కుంకుమా. వేపమండలు వేలాడదీసి, సాంబ్రాణి పొగ వేసి, ఇక ఏ అధికారి వచ్చినా కళ్లు చెదరాల్సిందేనని వరసగా నిలబడ్డారు. పింకీ కళ్లు నిజంగానే చెదిరాయి.

"హే భగవాన్. ఆంటీ, ఈ పిండికి చీమలొస్తాయి. ఈ ఆకులు రాలి గిన్నెలో పడతాయి. గ్రైండర్ మీద కుంకుమ పచ్చడిలోకి పోదా?"

"అమ్మోరిని ఎల్లగొట్టీమంటావేటి?" బుల్లమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"అమ్మవారు గుమ్మం బయట ఉంటే ప్రాబ్లం లేదు మౌసీ. లోపల మాత్రం నో ఎంట్రీ."

అందరూ నవ్వారు. నవ్వుతూనే ముగ్గు కడిగేశారు. అక్కణ్నుంచి పని నడిచింది. గోళ్లు కత్తిరించుకున్నారు, గాజులు తీసి వరండాలో పెట్టెలో పెట్టారు, జుట్టుకి టోపీలు పెట్టుకుని ఒకరినొకరు చూసి పడీపడీ నవ్వారు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి ట్యాంకు మార్చి, నీళ్లు పరీక్షకి పంపారు, ఫలితం బాగానే వచ్చింది. చేతులు కడుక్కోమని పింకీ హిందీలో బోర్డు రాసింది, నూకరత్నం అది చదివి మిగతావాళ్లకి తెలుగులో చెప్పింది. ఝాన్సీ అయితే పింకీ ఒకటి చెబితే రెండు చేసేది. చెప్పించుకోవడం ఆమెకి సుతరామూ ఇష్టం లేదు, అందుకని చెప్పకముందే చేసేసేది. తిరుమలరావు అప్పుడప్పుడూ వచ్చి ఏది కుదరలేదో వెతికి, ఏమీ దొరక్క, టీ తాగి వెళ్లేవాడు. ఆ వెళ్లే వీపుని చూడ్డం ఆ రోజుల్లో ఆమెకి పెద్ద సంతోషం.

ఆ సంతోషం గవరమ్మ జాడీ లోపలికి వచ్చేదాకానే.

ఆ రోజు పింకీ ఒక బ్యాచ్‌ని మొదట్నుంచి చివరిదాకా పక్కనే నిలబడి చూస్తానంది. ముక్కలు వేగాయి, కారం కలిసింది, నూనె తేలింది. అప్పుడు గవరమ్మ వచ్చింది. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, రోజూ ఈ సమయానికి ఇంటి నుంచి నడిచి వస్తుంది. చంకలో ఒక పింగాణీ జాడీ. పెళ్లయి భీమిలి వైపు నుంచి ఓడెక్కినప్పుడు వాళ్లమ్మ పచ్చడి పెట్టి ఇచ్చిన జాడీ అది. దాంట్లోంచి ఒక గరిటెడు పాత పచ్చడి తీసి కొత్తదాంట్లో వేసి కలిపింది. పాలకి తోడు వేసినట్టన్నమాట. అందుకే వాళ్లు దాన్ని తోడు అంటారు. తర్వాత కొత్తదాంట్లోంచి ఒక గరిటె తీసి జాడీ నింపుకుంది. జాడీ అడుగు కనబడకూడదు. కనబడితే ఇంట్లో ఉప్పు నిండుకుంటుందని వాళ్లమ్మ చెప్పి పంపింది. ఇన్నేళ్లలో ఎన్నడూ కనబడలేదు.

ఇంట్లో వాళ్లకి ఇది ఎంత అలవాటంటే, పింకీకి చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

పింకీ ఒక సీసా తెచ్చి ఝాన్సీ ముందు పెట్టింది.

"ఆంటీ, సోచో. ఈ సీసా తిని డిగ్లీపూర్‌లో ఎవరికో కడుపు ఖరాబయింది. ఫోన్ వచ్చింది. ఏ సీసాలు వెనక్కి తెప్పిస్తారు?"

"దీంతో పాటు వండినవన్నీ," ఝాన్సీ టక్కున చెప్పింది. ఇదంతా ఆమెకి కంఠతా వచ్చు.

"దీంతో పాటు వండినదాంట్లో అంతకు ముందుది ఒక గరిటె ఉంది కదా?"

"ఉంది."

"మరి ఆ ముందుదాంట్లో?"

"దానికి ముందుది..." ఝాన్సీ మాట సగంలో ఆగిపోయింది.

"మతలబ్, మీరు ఇప్పటిదాకా వండిందంతా ఒకటే బ్యాచ్. ఒకటి పాడయితే, ఏది పాడవలేదో మీరు చెప్పలేరు. షెడ్డు ఎంత బాగున్నా ఫాయిదా లేదు ఆంటీ. ఇది ఆగాల్సిందే."

గవరమ్మ జాడీ మూత బిగించింది. "నా తోడులో ఇసం ఉందంటావేటి పిల్లా?"

"లేదు దాదీ, ఉందని కాదు. ఒకవేళ..."

"మా అమ్మ సేతి పచ్చడే ఇది. దీన్ని తిని మీరందరూ పెరిగినారు. ఒకవేళంట, ఒకవేళ!" గవరమ్మ జాడీ చంకనెత్తుకుని బయటికి నడిచింది. వెనక నుంచి ఝాన్సీ పిలిచినా తిరిగి చూడలేదు.

*

పింకీ వెళ్లాక బుల్లమ్మ ఝాన్సీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఎందుకు దీదీ టెన్షన్? ఆడిటోళ్లొచ్చిన నాడు తోడెయ్యొద్దు. ఆల్లెల్లిపోనాక ఏసీసుకుందాం. ఎవులికి తెలుత్తాది?"

నిజమే, ఎవరికీ తెలియదు. ముసలామె సంతోషిస్తుంది, లైసెన్సు ఉంటుంది, గిన్నె ఉంటుంది. ఝాన్సీ ఒక్క క్షణం ఆ మాట పట్టుకుని వేలాడింది కూడా. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. ఇక్కడ కుదరదని లోకమంతా అంటోంది. దొంగచాటుగా చేసి కుదిరిందని చెప్పుకుంటే, వాళ్లన్నదే నిజమని ఒప్పుకున్నట్టు కాదా? అదీగాక పింకీ అడిగిన ప్రశ్న ఆమె తలలోంచి పోవడం లేదు. ఎవరి పిల్లో తిని మంచాన పడితే, ఏ సీసాలు పారెయ్యాలమ్మా అని ఆ తల్లి అడిగితే, తెలియదని ఎలా చెప్పడం?

"వద్దు బుల్లమ్మా. వేస్తే అందరి ముందూ వేద్దాం, మానితే పూర్తిగా మానేద్దాం," అంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తిరుమలరావు అక్కడే ఉన్నాడు. సంగతి ఆయనకి అప్పుడే చేరింది. తల్లి పక్కన కూర్చుని మెత్తగా చెబుతున్నాడు.

"నీ జాడీ జోలికి ఎవరూ రారమ్మా. ఇంట్లో నువ్వు కలుపుకో, నీ తోడు నువ్వు వేసుకో, నింపుకో. అమ్మే సరుకు చెన్నైలో తయారవుతుంది. రేపు కాయితం తెస్తాను, సంతకం పెట్టు చాలు."

ఝాన్సీ గుమ్మంలోనే ఆగింది. ఎంత తెలివైన మాట! ఆయన అత్తకి జాడీ ఇస్తున్నాడు, తను వచ్చి దాన్ని లాక్కుంటోంది. ముసలామె ఎటు మొగ్గుతుందో చిన్నపిల్ల కూడా చెప్పగలదు. సత్యారావు గోడకి ఆనుకుని, అన్నకీ భార్యకీ మధ్య ఎటూ చూడలేక, చేపల పడవలు వచ్చే వేళ కాకపోయినా జెట్టీకి బయల్దేరాడు.

బావగారు వెళ్లాక ఝాన్సీ అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అత్తా, తోడు ఆపుతాను."

"నానుండగా ఆ జాడీ అడుగు కనబడనివ్వను."

"అయితే రేపు బావ కాయితం మీద సంతకం పెట్టెయ్. జాడీ నీకుంటుంది. నాకు పొయ్యి ఉండదు. అంతే. నిన్ను మాయ చెయ్యను, వెనక నుంచి ఏదీ చెయ్యను. కానీ ఒకటి చెప్తున్నా. నువ్వు సంతకం పెట్టినా సరే, నేను రెస్టు తీసుకోను. నా పేరుతో ఇంకో షెడ్డు వేసుకుని, తోడు లేకుండా, ఇక్కడే వండుతా. ఎవడు ఆపుతాడో చూస్తా."

గవరమ్మ జాడీని ఒళ్లోకి లాక్కుంది. "తోడు తీసీసినాక, నీ పచ్చడికీ బజార్లో పచ్చడికీ తేడా ఏటి?"

ఆ ప్రశ్న ఝాన్సీకి గుచ్చుకుంది. ఎందుకంటే తనూ పొద్దుట్నుంచి అదే అడుక్కుంటోంది. బుకాయించడానికి మనసు రాలేదు.

"తెలీదు అత్తా. వండితే తెలుస్తుంది," అంది.

ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది.

*

మర్నాడు షెడ్డులో ముక్కలు వేయించి పెట్టారు. కారం కలపాలి. పింకీ కూడా వచ్చింది. ఝాన్సీ చేతులు కడుక్కుంటూ ఉండగా వరండా ముందు ఆటో ఆగింది. తిరుమలరావు దిగి, తల్లిని దింపాడు. ఆమె ఒళ్లో జాడీ ఉంది. ఆయన చేతిలో కాయితాలూ, ఒక సీసా ఉన్నాయి.

అంతా అయిపోయిందనుకుంది ఝాన్సీ. ఏడుపు రాకుండా పళ్లు బిగించి బయటికొచ్చి నిలబడింది. ఏడ్చే ముఖంతో మాత్రం ఆయన ముందు కనబడకూడదు.

"కంపెనీవాళ్లు శాంపిల్ పంపారు. అమ్మ రుచి చూస్తానంది," అన్నాడు తిరుమలరావు. సీసా మీద గవరమ్మ బొమ్మ అప్పుడే అతికించి ఉంది. ఝాన్సీ అచ్చు వేయించుకునే లేబుళ్ల కన్నా రంగులు తళతళలాడుతున్నాయి.

గవరమ్మ వరండా బల్ల మీద కూర్చుని, సీసాలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. తొందర లేకుండా నమిలింది. లోపలి ఆడవాళ్లందరూ గుమ్మంలో గుమిగూడారు.

"బాగానే ఉందిరా," అంది.

తిరుమలరావు ముఖం వెలిగింది. ఝాన్సీ ముఖం ఎలా ఉందో చూసే ధైర్యం బుల్లమ్మకి లేకపోయింది.

"తోడేసినారేటి దీన్లో?" అడిగింది గవరమ్మ.

"లేదమ్మా. ఫ్యాక్టరీలో అలాంటివి కుదరవు."

"ఎవులు కలిపినారు?"

"మెషీన్ కలుపుతుంది."

"సేప ఎక్కడిది?"

"అది... వాళ్ల సప్లయర్లు ఉంటారు."

"ఉప్పెక్కువైతే ఎవులికి సెప్పాలి?"

"ఎక్కువవదమ్మా. అయితే కంపెనీకి మెయిల్ పెడతాం."

గవరమ్మ సీసా మూత పెట్టి పక్కన పెట్టింది. కాయితాలు అడగలేదు. "బుల్లమ్మా, అన్నమొండినారా?"

"మజ్జాన్నానికి ఒండినం అమ్మా, ఏడిగానే ఉంది."

"ఇక్కడికట్రా. అందరూ కూకోండి. నువ్వు కూడా కూకో పిల్లా," అని పింకీని కూడా పిలిచింది. అన్నం గిన్నె వచ్చింది, ఆకులు వచ్చాయి. గవరమ్మ జాడీ మూత తీసింది. మొదటి గరిటె బుల్లమ్మకి, తర్వాత నూకరత్నానికి, ఆపైన ఒక్కొక్కరికీ. గరిటె లోపలికి వెళ్లి వస్తున్నకొద్దీ ఆమె జాడీ ఖాళీ చేస్తోందని అందరికీ అర్థమవుతోంది. గరిటె అడుగుకి తగిలి టక్కుమంది.

"అమ్మా, ఏం చేస్తున్నావు! అమ్మమ్మ ఇచ్చిన జాడీ అది!" తిరుమలరావు లేచి నిలబడ్డాడు. పాపం, ఆయన కూడా ఆ తోడు తినే పెరిగాడు. ఆ గొంతులో నిజమైన బాధే ఉంది.

"తోడు నీ సెన్నైలోనూ లేదు, రేపట్నుంచి ఇక్కడా లేదు. అలాంటప్పుడు నానొక్కదాన్నీ జాడీ ఒళ్లో ఎట్టుకుని ఎవులికోసం కూకోవాలిరా? కూకో. నీకూ ఓ ముద్దెడతాను, ఇదే ఆకరు."

ఆయనకి పెట్టింది. ఝాన్సీకి పెట్టింది. చివర్న జాడీలో కొంచెం అన్నం వేసి, చేత్తో నాలుగువైపులా తుడిచి, ఆ ముద్ద తను తిన్నది. తెల్లటి జాడీ అడుగు బయటపడింది. ఆమె దాన్ని వంచి, వెలుగులో కాసేపు చూసి, కడగమని నూకరత్నానికి ఇచ్చేసింది. ఝాన్సీ ఆకులో ముద్ద ఇంకా అలాగే ఉంది. గెలిచినట్టు లేదు, ఎవరినో సాగనంపుతున్నట్టు ఉంది. కళ్లు తుడుచుకోవడానికి చేతినిండా కారం, అందుకని తుడుచుకోకుండానే తిన్నది.

తిరుమలరావు చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఆయన చివరి మాట ఇంకా మిగిలే ఉంది.

"సరేనమ్మా. రేపు జనం తిని, ఇది గవరమ్మ పచ్చడిలా లేదు అంటే?"

"అంతారు. అనకుండా ఊరుకుంతారేటి?" గవరమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, కోడలికేసి చెయ్యి చూపించింది. "దీన్ని తిడతారు. ఇక్కడే ఉంటాది, గుమ్మంలో నిలబడి తిట్టించుకుంటాది, తెల్లారి మళ్లీ సరిగ్గా వండుతాది. నీ సెన్నైవోడిని తిట్టాలంటే మేం ఓడెక్కాలిరా."

ఝాన్సీ లోపలికి వెళ్లి, చేతులు మళ్లీ కడుక్కుని, ఖాళీ గిన్నెలో కారం పోసింది.